మామగారు మూడుసార్లు పడ్డారు, ఇప్పుడు కుర్చీ దిగనివ్వడం లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా మామగారికి 78 ఏళ్ళు. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారికి 72. ఇద్దరూ బొబ్బిలి దగ్గర మా సొంతూళ్ళో, పాత పెంకుటింట్లో ఉంటారు. మేము విజయనగరంలో ఉంటాం, వారానికోసారి వెళ్ళి చూసివస్తాం. ఈ ఏడాది మామగారు మూడుసార్లు పడ్డారు. భోగి నాడు తలంటుకుని బాత్‌రూములోంచి వస్తూ మొదటిసారి. మే నెలలో ఒక రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేచి, మంచం పక్కనే రెండోసారి. అప్పుడు అత్తగారు ఒక్కరే ఆయనను పైకి లేపి కూర్చోబెట్టారు, మర్నాటి నుంచి ఆవిడకు నడుము పట్టేసింది. ఈమధ్య ఒక సాయంత్రం వీధి అరుగు మెట్లు దిగుతూ మూడోసారి. దేవుడి దయవల్ల ఎముకలేవీ విరగలేదు. బీపీకి, షుగరుకు, ప్రోస్టేటుకు మందులు వాడతారు. ఎలా పడ్డారని అడిగితే "కాలు జారింది, అంతే" అంటారు. నెల దాటింది, భయంతో మేము ఆయనను బజారుకు వెళ్ళనివ్వడం లేదు, కుర్చీ దిగనివ్వడం లేదు. బెంగళూరులో ఉన్న మా మరిది, ఇద్దరినీ విశాఖపట్నంలో పెద్దవాళ్ళ కోసం కట్టిన నివాసంలో చేర్పిద్దాం అంటున్నాడు. మా వారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఈ వయసులో పడటం మామూలేనా? చేర్పించడమే మంచిదా?
- ఒక కోడలు, విజయనగరం

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను భయపెట్టిన మాట "కుర్చీ దిగనివ్వడం లేదు" అన్నది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మామగారి మాట చూద్దాం: "కాలు జారింది, అంతే."

ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో రోగులను చూస్తున్నాను. పడిన పెద్దవాళ్ళు దాదాపు అందరూ చెప్పేది ఇదే. లెక్క తప్పు చేసిన పిల్లవాడు "తప్పింది, అంతే" అంటే మీ మామగారు తన సర్వీసులో ఎన్నడైనా ఊరుకున్నారా? ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపించమని పలక తన ముందుకు లాక్కుని ఉంటారు. ఆయన విషయంలో మీరు చేయవలసింది కూడా అదే. ఒక నోటుపుస్తకం తీసి మూడు పేజీలు కేటాయించండి, ఒక్కోసారి పడినదానికి ఒక్కో పేజీ. ఎక్కడ, ఎన్ని గంటలకు, అంతకు ముందు ఏం చేస్తున్నారు, కాళ్ళకు ఏముంది, కళ్ళద్దాలు ఉన్నాయా, కళ్ళు తిరిగాయా, ఆ పూట ఏ మాత్రలు వేసుకున్నారు. ఆయన చేతే రాయించండి. అడిగితే చెప్పనివాళ్ళు కూడా కలం చేతికిస్తే రాస్తారు.

పడటం మామూలేనా అని అడిగారు. ఎక్కువమందికి జరుగుతుంది అనే అర్థంలో అయితే మామూలే. 65 దాటినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరు ఏడాదిలో ఒకసారైనా పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచమంతటా ఏటా అన్ని వయసులవారూ కలిపి 6,84,000 మంది ఇలా పడి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అయితే జ్వరం కూడా మామూలే, అయినా అది ఎందుకు వచ్చిందో వెతకకుండా ఉండం. మీ మామగారు మూడుసార్లు పడితే మూడింటికీ వేరు వేరు కారణాలు ఉన్నాయని మీ ఉత్తరమే చెబుతోంది. 78 ఏళ్ళ వయసు ఆ మూడింటిలో ఏ ఒక్కటీ కాదు.

మొదట భోగి. మన ఇళ్ళలో భోగి తలంటు అంటే తెలిసిందే కదా. ఒళ్ళంతా నువ్వుల నూనె, దాని మీద సున్నిపిండి నలుగు, ఆపైన కుంకుడు రసం. పూర్వం ఇదంతా పెరట్లో నాపరాయి మీద జరిగేది. రాయి గరుకు, నీళ్ళు ఎటో అటు పోయేవి. ఇప్పుడు అదే తలంటు మెరిసే టైల్సు మీద జరుగుతోంది. నూనె, పిండి, నురుగు కలిస్తే నేల మీద కంటికి కనబడని జిగురు పొర ఏర్పడుతుంది. దాని మీద ఇరవై ఏళ్ళ కుర్రవాడైనా జారతాడు. తేడా ఏమిటంటే వాడు జారినా నిలదొక్కుకుంటాడు. కాబట్టి నూనె, నలుగు బయటే కానివ్వండి. అరికాళ్ళకు నూనె అంటనివ్వకండి, అంటితే పొడి గుడ్డతో తుడిచాకే బాత్‌రూములోకి పంపండి. లోపల గరుకు టైల్సు వేయించడం ఉత్తమం. ఇప్పుడే కుదరకపోతే నేలను గట్టిగా పట్టుకునే రబ్బరు చాప వేయండి. గోనెసంచి, పాత తువ్వాలు మాత్రం వద్దు, అవి మనిషితో సహా జారతాయి.

కూర్చుని స్నానం చేయడం నామోషీ కాదని మామగారికి నచ్చజెప్పండి. కాళ్ళకు రబ్బరు తొడుగులున్న గట్టి స్టూలు చాలు. బకెట్టును కూడా ఒక పీట మీద పెట్టండి. చెంబుతో నీళ్ళు ముంచడానికి ప్రతిసారీ నేల దాకా వంగి లేవడంలోనే చాలామందికి తల తిరుగుతుంది. ఇక గోడకు పట్టుకునే కమ్మీ. తువ్వాలు ఆరేసే రాడ్డు ఆ పనికి పనికిరాదు. మనిషి బరువు దాని మీద పడిన రోజు రెండు చిన్న మరలతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. మందమైన స్టీలు పైపును మేస్త్రి చేత గోడలోకి లోతుగా బిగించండి. ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే చోట. బిగించాక మీ వారిని దానికి వేలాడి చూడమనండి. ఇంకొకటి. తలుపుకు లోపలి గడియ తీసేసి, బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తెరుచుకునేలా మార్చండి. పడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే బయటి నుంచి ఎంత తోసినా తెరుచుకోదు. గొడ్డలితో తలుపు పగలగొట్టి మనిషిని బయటికి తీసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

బాత్‌రూము దగ్గర ఉండగానే ఒక మాట. మీ అత్తగారు ప్రతి శుక్రవారం వీధి గుమ్మం గడపకు పసుపు రాసి, బియ్యప్పిండితో గీతలు వేసి, కుంకుమ బొట్లు పెడతారు కదా. ఆ గడప ఎంత ఎత్తుగా ఉన్నా దాన్ని తన్నుకుని పడినవాళ్ళు తక్కువ. పసుపు, తెలుపు కలిసి అంచును కంటికి కొట్టొచ్చినట్టు చూపిస్తాయి. బాత్‌రూము గడపకు, వంటింటి గడపకు ఆ భాగ్యం లేదు. నేల రంగులోనే ఉండి, రెండు అంగుళాలే కదా అనిపించే ఆ గడపలే కాలి వేళ్ళను పట్టుకుంటాయి. వాటి అంచుకూ, మెట్ల అంచులకూ రెండు అంగుళాల వెడల్పున పసుపుపచ్చ పెయింటు వేయించండి. చిన్న డబ్బా పెయింటు చాలు.

రెండోసారి పడటం అన్నిటిలోకీ ముఖ్యమైనది. రాత్రి రెండు గంటలు, మంచం పక్కనే. అక్కడ జారడానికి నూనె లేదు, తన్నుకోవడానికి మెట్టు లేదు. లేచిన వెంటనే పడ్డారంటే నాకు ముందు వచ్చే అనుమానం బీపీ పడిపోయిందని. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరో, అంతకంటే ఎక్కువో రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి జారుతుంది. వయసులో ఉన్నప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి నెడతాయి. పెద్దవయసులో ఆ బిగువు ఆలస్యంగా వస్తుంది. ఆ కొద్ది సెకన్లు మెదడుకు రక్తం చాలదు, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. దీనికి తోడు ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్ వంటి మాత్రలకు రక్తనాళాలను వదులు చేసే గుణం కొంత ఉంది. బీపీ మాత్రల పని సరే సరి. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే ఆ బిగించే నరాలే మందగిస్తాయి. మే నెల ఎండలు, ఒంట్లో నీరు తక్కువ. ఇవన్నీ కలిసి రెండు గంటల వేళ మంచం దిగాయి.

క్లినిక్కులో బీపీ కూర్చోబెట్టి చూస్తారు. అందులో ఇది దొరకదు. మీ డాక్టరును ప్రత్యేకంగా అడగండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు ఇంకొకసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే సంగతి దొరికినట్టే. ఇంట్లో బీపీ మిషను ఉంటే మీరూ చూడవచ్చు. అప్పుడు వెనక కుర్చీ, పక్కన ఒక మనిషి ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఎప్పుడో ఎవరో రాసిన నిద్రమాత్రలు, పక్కింటివాళ్ళు ఇచ్చిన నొప్పి మాత్రలు, అన్నీ. నిద్రమాత్రలు, మత్తునిచ్చే జలుబు మాత్రలు పెద్దవాళ్ళను పడేయడంలో దిట్టలు. షుగరు మాత్రల వల్ల రాత్రిపూట షుగరు పడిపోతోందేమో కూడా చూడమనండి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఏ పూటకు మార్చాలో డాక్టరే చెబుతారు. ఇది చదివి మీరు మాత్రం ఏదీ ఆపవద్దు. బీపీ మాత్ర ఆపి పక్షవాతం తెచ్చుకున్నవాళ్ళను కూడా నేను చూశాను.

ఈలోగా రాత్రి లేచే పద్ధతి మార్చండి. మెలకువ రాగానే మంచం అంచున కాళ్ళు నేలకు ఆన్చి కూర్చోవాలి. పాదాలను పైకీ కిందికీ ఒక పదిసార్లు ఆడించాలి. ఎక్కాలు వచ్చిన మనిషి కాబట్టి పదమూడో ఎక్కం ఒకసారి చదువుకుని అప్పుడు నిలబడమనండి. నిలబడ్డాక కూడా మంచం కోడును పట్టుకుని ఒక క్షణం ఆగాలి. మంచం పక్కన మూత్రానికి ప్లాస్టిక్ సీసా పెడితే అసలు లేచే పనే ఉండదు. సిగ్గుపడతారు, రెండు రోజులకు అలవాటవుతుంది. సాయంత్రం ఆరు దాటాక నీళ్ళు, టీ తగ్గించవచ్చు కానీ పగటి నీళ్ళు తగ్గించకూడదు. రాత్రి లేవాల్సి వస్తుందని రోజంతా దాహంతో ఉండేవాళ్ళు చాలామంది.

మంచం కూడా చూడండి. నవారు మంచం సాగి గుంతపడిందేమో. అంచున కూర్చుంటే అరికాళ్ళు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు నడుముకంటే పైకి లేవకూడదు. గుంతలోంచి లేవడానికి మనిషి ముందుకు ఊగుతాడు, ఆ ఊపులోనే బోర్లా పడతాడు. దారిలో చిన్న లైటు రాత్రంతా వెలగనివ్వండి. కరెంటు పోతే? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత మన జిల్లాలో ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో మీ మామగారికి గుర్తుండే ఉంటుంది. తలగడ కింద టార్చిలైటు వెతుక్కోవాలి. గోడకు మేకు కొట్టి, చెయ్యి చాపితే అందేలా తాడుతో వేలాడదీయండి. పంచె గానీ లుంగీ గానీ చీలమండ పైకి ఉండేలా కట్టుకుని పడుకోమనండి.

మూడోది సాయంత్రం, మెట్లు, దిగేటప్పుడు. మీరు కళ్ళద్దాల సంగతి రాయలేదు. చదివే అలవాటున్న మాస్టారు కాబట్టి ఒకే అద్దంలో పైన దూరపు చూపు, కింద దగ్గర చూపు ఉన్న బైఫోకల్ పెట్టుకుంటారని ఊహిస్తున్నాను. మెట్టు దిగేటప్పుడు మనం చూసేది అద్దం కింది భాగంలోంచి. అది పుస్తకం దూరానికి చేసిన అద్దం. అందులోంచి చూస్తే మెట్టు అంచు మసకగా, ఉన్నచోటు కంటే వేరేచోట ఉన్నట్టు కనిపిస్తుంది. బయట నడవడానికి దూరపు చూపు అద్దం ఒక్కటే ఉన్న జత విడిగా చేయించండి. శుక్లాలు ఉన్నాయేమో కూడా చూపించండి. మసక వెలుతురులో తడబడటం శుక్లాల మొదటి గుర్తుల్లో ఒకటి. ఆపరేషను అవసరమని చెబితే వాయిదా వేయకండి. అరుగు మెట్లకు ఒక పక్కనైనా పట్టుకునే పైపు లేకపోతే ఈ వారమే పెట్టించండి. చెప్పులు కూడా మార్చాలి. మడమ దగ్గర అరిగిపోయి నున్నబడిన హవాయి చెప్పులు పారేసి, వెనక పట్టీ ఉన్న రబ్బరు అడుగు చెప్పులు కొనండి.

ఇప్పుడు కుర్చీ. 2007లో అచ్చైన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలోంచి దాదాపు కిలో కండ తరిగిపోయింది. కుర్చీ అంత చేటు చేయకపోవచ్చు కానీ మీరు నెల దాటి కూర్చోబెట్టారు. పడతారని కూర్చోబెడతాం. కూర్చుంటే తొడల్లో సత్తువ పోతుంది. తర్వాత లేచిన రోజు నిజంగానే పడతారు. అప్పుడు "చూశారా, మేము చెప్పలేదా" అంటాం. ఈ మాట ఎన్ని ఇళ్ళలో విన్నానో లెక్కలేదు, మా ఇంట్లో కూడా విన్నాను, అన్నది నేనే.

మా అమ్మ సంగతి. పెరట్లో తులసికోట దగ్గర పడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు మా అక్క గోరింటాకు పెడుతుంటే చీర చెంగు జారి, భుజం నుంచి మోచేతి దాకా నేరేడుపండు రంగులో కమిలిన మచ్చ బయటపడింది. ఎందుకు చెప్పలేదని అరిచాను. "చెబితే నన్ను ఈ ఇంట్లోంచి తీసుకుపోతావు కదా" అంది. మీ మామగారి "కాలు జారింది, అంతే" వెనక ఇదే ఉందేమో ఒకసారి ఆలోచించండి. పడిన ప్రతిసారీ ఏదో ఒక స్వేచ్ఛ పోతుందని తెలిస్తే ఎవరైనా పడటం ఆపలేరు కానీ చెప్పడం ఆపేస్తారు. నాలుగోసారి పడితే మీకు తెలియకపోవచ్చు.

కాబట్టి రేపటి నుంచే లేపండి. ముందు చిన్న పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, చేతుల ఆసరా లేకుండా, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 75 నుంచి 79 ఏళ్ళ మగవారు కనీసం 11 సార్లు లేవాలి. ఆడవారైతే, మీ అత్తగారి వయసుకు, 10 సార్లు. అంతకంటే తక్కువైతే తొడల సత్తువ చాలదన్నమాట. మామగారికి 5 వచ్చిందనుకోండి, కంగారు పడవద్దు, నోటుపుస్తకంలో వేసుకోమనండి. అదే కుర్చీ, అదే కదలిక ఇప్పుడు వ్యాయామం. మొదట్లో చేతులతో కుర్చీని పట్టుకుని లేవవచ్చు. పూటకు పదిసార్లు. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడటం, గోడ పక్కన ఒక పాదం వేళ్ళకు రెండో పాదం మడమ ఆనించి తాడు మీద నడిచినట్టు నడవడం, పక్కకు అడుగులు వేయడం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు ఇలాంటి ఇంటి వ్యాయామాలనే వరుసగా కూర్చి పెద్దవాళ్ళ చేత చేయించారు, ఇప్పుడు చాలా దేశాల్లో ఆ పద్ధతినే నేర్పుతున్నారు. ప్రపంచంలోని పరిశోధనలన్నీ కలిపి చూస్తే కాళ్ళ సత్తువ, నిలకడ పెంచే వ్యాయామాల వల్ల పడటాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. ఇంత పనిచేసే మాత్ర నా దగ్గర ఒక్కటీ లేదు. డాక్టరు చూశాక, ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెడితే మేలు.

బజారు నడక కూడా తిరిగి మొదలుకావాలి. మొదటి రెండు వారాలు పక్కన ఒకరు ఉండండి. ఆయన చెయ్యి మీరు పట్టుకుని నడిపించకండి, మీ మోచేయి ఆయనను పట్టుకోమనండి. పట్టు ఆయనదై ఉంటే అవసరమైనప్పుడు వదలగలరు, మళ్ళీ పట్టుకోగలరు. చేతికర్ర అంటే ఒప్పుకోరని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి బెత్తం పట్టిన చేతికి ఇప్పుడు కర్ర నామోషీ అవుతుంది. బజారు కుక్కల కోసం అని ఇవ్వండి, తీసుకుంటారు. కర్ర ఎత్తు ముఖ్యం. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే, కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. సినిమాల్లో ఎప్పుడూ తప్పు చేతిలోనే ఉంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కింద రబ్బరు తొడుగు అరిగితే కొత్తది వేయాలి. ఇది చదివే ఇతరులకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్ళు దాటినవారికి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. వివరాలు 14567 అనే వయోవృద్ధుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి అడగవచ్చు.

విశాఖపట్నం సంగతి. మీ మరిది దూరాన ఉండి ఆందోళనతో అన్న మాట అది, తప్పుపట్టను. కానీ నివాసం మారితే పడటం ఆగుతుందన్నది నిజం కాదు. ఇలాంటి చోట్ల ఉండేవాళ్ళు సొంత ఇళ్ళలో ఉండేవాళ్ళ కంటే ఎక్కువసార్లే పడతారని అనేక దేశాల్లో గమనించారు. బలహీనపడినవాళ్ళే అక్కడికి వెళ్ళడం ఒక కారణం. చీకట్లో గోడ ఎటుందో, గడప ఎక్కడుందో ఒంటికి తెలియని కొత్త చోటు కావడం ఇంకొకటి. ప్రోస్టేటు మాత్ర, బైఫోకల్ అద్దం, సత్తువ తగ్గిన తొడలు ఆయనతో పాటే విశాఖపట్నం వెళతాయి.

అలాగని ఆ చోట్లు చెడ్డవని కాదు. ఇద్దరికీ వండుకునే ఓపిక లేకపోతే, ఊళ్ళో తోడు లేకపోతే మంచిదాన్ని చూసి చేరవచ్చు. చూడటానికి వెళ్ళినప్పుడు తోటను, భజన మందిరాన్ని చూసి వచ్చేయకండి. రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళండి. వసారాల్లో రెండు వైపులా పట్టుకునే కమ్మీలు ఉన్నాయా, రాత్రి ఎంతమందికి ఎందరు ఆయాలు ఉంటారు, పిలుపుగంట తాడు బాత్‌రూములో నేల మీద పడిన మనిషికి అందుతుందా లేక నిలబడినవాళ్ళకే అందుతుందా అని చూడండి. మంచాలకు రెండు వైపులా ఎత్తు కమ్మీలు బిగించి "ఇక పడరు" అంటే నమ్మకండి, వాటి మీదుగా దిగబోయి మరింత ఎత్తు నుంచి పడతారు. రాత్రి లేస్తున్నారని నిద్రమాత్రలు ఇచ్చే అలవాటు ఉందేమో అడగండి. పోయిన ఏడాది ఎంతమంది పడ్డారు, పడ్డాక ఏం చేశారు అని అడగండి. "మా దగ్గర ఎవరూ పడరు" అన్నారంటే వెంటనే తిరిగి వచ్చేయండి. లెక్క రాసుకునే చోటే జాగ్రత్త ఉంటుంది. వీటన్నిటికంటే ముందు, ఆ ఇద్దరినీ అడిగారా? మీ ఉత్తరంలో మరిది ఏమన్నారో ఉంది, మీ వారు ఏమనుకుంటున్నారో ఉంది. వెళ్ళవలసినవాళ్ళ మాట లేదు.

మళ్ళీ పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. వెంటనే లేపకూడదు. ఒక నిమిషం అలాగే ఉంచి ఎక్కడ నొప్పో అడగాలి. గజ్జలో నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్టే. కదపకుండా 108కు ఫోను చేయాలి. మర్దనాలు, నాటు కట్లు వద్దు. తుంటికి ఆపరేషను రెండు రోజుల్లోపు జరిగితేనే మనిషి మళ్ళీ నడిచే అవకాశం బాగుంటుంది. తలకు దెబ్బ తగిలితే, అందులోనూ రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పైకి బాగున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నొప్పికి షాపులో మాత్రలు కొని వారాల తరబడి వేయకండి. ఉద్దానం వైపు కిడ్నీల బాధ మన కళ్ళ ముందే ఉంది. బీపీ, షుగరు ఉన్న ఒంటికి ఆ మాత్రలు కిడ్నీల మీద నేరుగా దెబ్బ.

దెబ్బలేవీ లేకపోతే ఆయనంతట ఆయనే లేవాలి. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదకు రావాలి. పాకుతూ కుర్చీ దగ్గరికి వెళ్ళి దాని మీద రెండు చేతులూ ఆన్చి, బలమైన కాలి పాదం ముందు నేలకు ఆనించి, పైకి నొక్కి, తిరిగి కూర్చోవాలి. అవతలి మనిషి పని కుర్చీ తెచ్చి పెట్టడమే, ఎత్తడం కాదు. ఇది ఒకసారి పగటిపూట పరుపు మీద అందరూ సాధన చేయండి, పిల్లలకు సరదాగా కూడా ఉంటుంది. ఆయన మెడలో చిన్న ఫోను వేలాడదీయండి. లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం పడటం కంటే ప్రమాదం.

చివరగా మీ అత్తగారు. ఆవిడ గురించి మీరు రాసింది ఒక్క ముక్క: మామగారిని లేపారు, మర్నాటి నుంచి నడుము పట్టేసింది. మే నెల నుంచి ఆ నొప్పి ఇంకా ఉందా? 72 ఏళ్ళ ఆడమనిషికి ఎముకలు లోలోపల గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి వెన్నుపూస బరువెత్తినప్పుడు పడకుండానే నొక్కుకుపోయి విరగగలదు. పైకి ఏమీ కనిపించదు, పట్టేసిందనుకుని జండూబామ్ రాసుకుంటూ వంట చేసుకుంటూ తిరుగుతారు. ఈమధ్య నడుము వంగినట్టు, చీర కుచ్చిళ్ళు పొడవైనట్టు అనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. కూర్చుని లేచేటప్పుడు, మంచంలో పక్కకు తిరిగేటప్పుడు నొప్పి పొడుస్తోందా అని ఈ రోజే ఫోను చేసి అడగండి. అవునంటే మామగారి కంటే ముందు ఆవిడను తీసుకువెళ్ళి వెన్నుకు ఎక్స్‌రే తీయించండి. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష విశాఖపట్నంలో దొరుకుతుంది. మీ మరిదికి ఏదైనా ఒకటి చేయాలని ఉంటే, ఆ పరీక్షకు రోజు కుదిర్చి, ఇద్దరినీ ఆయనే వచ్చి తీసుకువెళ్ళమనండి.